నేను కట్టేసిన గాలి

మా ఇంట్లో గ్యాస్ బండ మీద చెయ్యి వేసే హక్కు నాకొక్కదానికే ఉంది. పాలు పొంగుకొస్తున్నాయనగానే ముందు బండ మీద రెగ్యులేటరు తిప్పేస్తాను. గొట్టంలో మిగిలిన గ్యాసుతోనే ఆ పొంగు వచ్చేస్తుంది. మంట దానంతటది ఆరాక పొయ్యి మీట తిప్పుతాను. మా అమ్మాయి దీనికి నవ్వుతుంది. "మా అమ్మని చూత్తే బండక్కూడా భయమే, గబగబా అయిపోదు" అని పక్కింటివాళ్ళతో చెబుతుంది. చెప్పుకోనీ. వీధి కుళాయి కారుతుంటే కట్టేస్తాను. చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ పలకరింపుల్లో ఉంటే నేను వెళ్ళి ఫ్యాన్లు ఆపుతాను. ఒక ఆదివారం పాస్టరుగారు ఎవరి తల మీదో చెయ్యి పెట్టి ఇంకా ప్రార్థన చేస్తుండగానే ఆయన నెత్తిమీది ఫ్యాను ఆపేశాను. కళ్ళు తెరవకుండానే "అమ్మా, ఆమేన్ అననివ్వండి" అన్నారాయన. ఊరికే పోతున్నది ఎవరిదైనా సరే, నా చెయ్యి ఆగదు.

ఆ చెయ్యి ఒక పూట చేసిన పని గురించి ఇది రాస్తున్నాను. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఆ చదువు బైబిలు చదువుకోవడానికి, సంతకం పెట్టడానికి సరిపోయింది. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఉంటాయి.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయింది. మా అమ్మాయికి మొదటి కాన్పు. అల్లుడిది మెట్టకూరు, రొయ్యల చెరువుల దగ్గర పని. ఏడో నెల రాగానే పిల్లని ఫరంపేటలో మా ఇంటికి తీసుకొచ్చేశాను. అల్లుడు వారానికి రెండుసార్లు వచ్చి, అరుగు మీద కూర్చుని చెరువు కబుర్లు చెప్పేవాడు. ఆక్సిజన్ అనే మాట నేను ఆయన నోటే ఎక్కువగా విన్నాను. చెరువులో నీళ్ళు చిలికే చక్రాలుంటాయి కదా, కరెంటు పోయి అవి ఆగితే రొయ్యలకి ఆక్సిజన్ అందదట. "ఎక్కువసేపు పట్టదండి అత్తయ్యా, అన్నీ పైకొచ్చేసి నోళ్ళు తెరుత్తాయి. ఇక అయిపోయినట్టే" అనేవాడు. ఆ మాట వినగానే నేను ఏదో పని పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఎందుకో నాకు తెలుసు. పైకి అనేదాన్ని కాదు.

మా అమ్మాయి కంటే ముందు నాకొక మగపిల్లాడు పుట్టాడు. అదే ఫరంపేటలో, మా అత్తగారింట్లో, వంటింటి పక్క గదిలో. ఏడవలేదు. ఒళ్ళంతా నేరేడుపండు రంగు. మంత్రసాని చాలా తంటాలు పడింది. చల్లనీళ్ళు చల్లింది. ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. చెవి పక్కన కంచు పళ్ళెం గరిటతో మోగించింది. బొడ్డు కొయ్యకుండా మాయని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, తాడులో ఉన్న నెత్తురు బిడ్డవైపుకి పిండింది. అప్పట్లో అందరూ చేసేది అదే. పళ్ళెం చప్పుడు ఆగిపోయినప్పుడు నాకు అర్థమైంది. మా అత్తగారు గుడ్డ అడిగింది. ఆ తర్వాత ఆ బిడ్డ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నయ్య ఒకడు పుట్టి పోయాడని మా అమ్మాయికి తెలుసుగాని ఎలా పోయాడో తెలియదు. ఆసుపత్రికి వెళ్ళుంటే అక్కడి ఆక్సిజన్ పెట్టి బతికించేవారని ఎవరో అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. అందుకే మా అమ్మాయిని ఆసుపత్రికే తీసుకెళ్ళాలని ముందే గట్టిగా అనుకున్నాను.

వానాకాలం. తెల్లారేసరికి నొప్పులు మొదలయ్యాయి. ముసురు పట్టి ఉంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేసరికి ఎనిమిది అయింది. అక్కడున్న సిస్టరు నడివయసు మనిషి, కాకినాడ వైపు ఆవిడ. ఎన్నో కాన్పులు చేసిన చెయ్యని చూడగానే తెలిసింది. ఆ రోజు ఆవిడకి సాయానికుండే ఆయా సెలవు. అందుకని నన్ను లోపలికి రానిచ్చింది.

"చూడండి మామ్మగారూ, అమ్మాయి తల దగ్గర నుంచుని ధైర్యం చెప్పండి. అంతే మీ పని. ఇక్కడేదీ ముట్టుకోకూడదు. సరేనా?"

"ఆయ్" అన్నాను.

"పాత గుడ్డలు తెచ్చారా?"

తెచ్చాను. నా పాత నూలు చీర చింపి, మరిగించి ఉతికి, ఎండపొడ తగిలినప్పుడల్లా ఆరేసి మడతపెట్టిన ముక్కలు నాలుగు. పుట్టిన బిడ్డకి మా వాళ్ళలో కొత్తబట్ట వెయ్యరు, నలిగిన మెత్తటి గుడ్డలోనే చుడతారు. సిస్టరు వాటిని తడిమి చూసి "బాగున్నాయి" అంది. గోడవైపు చిన్న బల్ల ఉంది. దాని మీద వేలాడుతూ పెద్ద బల్బు. గుడ్డలు దాని కింద పెట్టి బల్బు వేసింది. పట్టపగలు అంత బల్బు దేనికి అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. బల్బు జోలికి పోలేదు, అదొక్కటి నయం.

ఆ బల్ల పక్కన మూలగా ఆక్సిజన్ సిలిండరు. నల్లగా, మెడ దగ్గర తెల్లగా, నా భుజం దాకా ఉంది. దానికొక నీళ్ళ సీసా, సీసా నుంచి సన్నటి గొట్టం. దాన్ని చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను అనుకుంటున్న వస్తువు ఇదేనన్నమాట. నా పిల్లాడికి అందనిది ఇక్కడ నా పిల్ల మంచానికి నాలుగు అడుగుల దూరంలో ఉంది.

పదిన్నర ప్రాంతంలో సిస్టరు అన్నీ సరిచూసుకుంది. చిన్న మూతికప్పు తగిలించిన రబ్బరు సంచీ ఒకటి తీసి, మూతికప్పుని తన అరచేతికి ఆనించి సంచీ నొక్కి చూసింది. తర్వాత సిలిండరు మీదున్న ఇనప కీ తిప్పింది. సీసాలో నీళ్ళు బుడబుడమన్నాయి. గొట్టం కొస తన చెంప దగ్గర పెట్టుకుని చూసి బల్ల మీద వదిలింది. ఇంతలో పక్కగదిలోంచి ఎవరో కేకేశారు. "ఇప్పుడే వత్తాను, మీరు కదలకండి" అని వెళ్ళింది.

ఆవిడ వెళ్ళింది, బుడబుడ మాత్రం ఆగలేదు.

మా అమ్మాయికి నొప్పికీ నొప్పికీ మధ్య కునుకు పడుతోంది. గదిలో ఇంకెవరూ లేరు. ఆ సీసా నా ఎదురుగానే ఉంది. బుడగలు కిందనుంచి పుట్టి పైకొచ్చి పగులుతున్నాయి. ఎవరి ముక్కుకీ పెట్టలేదు, ఎవరికీ అందడంలేదు, ఊరికే గదిలోకి పోతోంది. నేను కళ్ళు తిప్పుకున్నాను. చప్పుడు వినపడుతూనే ఉంది. అసలు సమయానికి అయిపోతే? లోపల ఎంత మిగిలిందో ఎవరు చూశారు? నా పిల్ల బిడ్డకి మిగలాలి కదా అనుకున్నాను. ఒట్టు, అప్పుడు అలాగే అనుకున్నాను. నాలుగు అడుగులు వేసి, ఆవిడ ఎటు తిప్పిందో చూశాను కాబట్టి దానికి ఎదురుగా తిప్పి, మా ఇంట్లో బండ కట్టేసినట్టే గట్టిగా బిగించాను. బుడగలు సన్నబడి ఆగిపోయాయి. వచ్చి మళ్ళీ తల దగ్గర నుంచున్నాను. మంచి పని చేశాననుకున్నాను కూడా.

సిస్టరు తిరిగొచ్చేసరికి మా అమ్మాయి అరుపు మొదలైంది. వెంటనే డాక్టరమ్మ కూడా వచ్చింది. ఇక నేను సిలిండరు సంగతే మరిచిపోయాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని పిండుతోంది. "అమ్మా నా వల్ల కాదే" అంటోంది. "అయిపోయింది, అయిపోయింది" అంటున్నాను. గంటసేపు అదే మాట అన్నట్టున్నాను.

తల బయటికొచ్చింది. డాక్టరమ్మ "మెడకి పేగుంది, రెండు చుట్లు" అంది. ఆవిడ వేళ్ళు చకచకా కదిలాయి. తర్వాత బిడ్డ మొత్తం ఒక్కసారి జారి వచ్చేసింది.

చప్పుడు లేదు.

ఎవరూ ఆడపిల్లో మగపిల్లో చెప్పలేదు. డాక్టరమ్మ బొడ్డు కోసి బిడ్డని సిస్టరు చేతుల్లో పెట్టింది. సిస్టరు బిడ్డని నా కళ్ళముందు నుంచే తీసుకెళ్ళింది. చేతులూ కాళ్ళూ వేలాడుతున్నాయి, తడిపిన గుడ్డలాగా. ఆ రంగు చూశాను. అదే రంగు.

మా అమ్మాయి తలెత్తి చూడబోయింది. "అమ్మా, ఏడవట్లేదేంటే?"

"ఏడుత్తాదే. కంగారెట్టకు. పడుకో" అన్నాను.

డాక్టరమ్మ మా అమ్మాయికి నెత్తురు పోవడం చూస్తోంది, అటు కదలడానికి లేదు. బల్ల దగ్గర సిస్టరు ఒక్కతే. నా గుడ్డ ఒకటి తీసుకుని బిడ్డని గబగబా తుడిచింది. ఆ తడిగుడ్డ కింద పడేసి ఇంకో పొడిగుడ్డ తీసింది. వీపు రాసింది. అరికాలి మీద వేలితో రెండుసార్లు కొట్టింది. ముక్కులో నోట్లో ఉన్నది లాగేసింది. నేను ఆ చెవి దగ్గర పళ్ళెం ఎప్పుడు మోగుతుందా అన్నట్టు చూస్తున్నాను. పళ్ళెం లేదు. ఆవిడ బిడ్డ తల కొంచెం వెనక్కి వంచి, ఆ చిన్న మూతికప్పు ముక్కూ నోరూ మూసేలా ఆనించి, రబ్బరు సంచీ నొక్కడం మొదలుపెట్టింది. నోటిలోపల లెక్క పెట్టుకుంటోంది.

"నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు."

అప్పుడు నా కళ్ళు సిలిండరు మీదికి వెళ్ళాయి. సీసాలో నీళ్ళు కదలడంలేదు. ఒక్క బుడగ లేదు.

ఆ క్షణం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. ఆవిడ నొక్కుతున్న సంచీలో ఏమీ లేదు. నేనే కట్టేశాను. ఆవిడకి తెలియదు, తెరిచే ఉందనుకుంటోంది. ఖాళీ సంచీ నొక్కుతోంది. అల్లుడి రొయ్యలు నోళ్ళు తెరిచి పైకి తేలడం నా కళ్ళముందు ఆడింది.

చెప్పాలి. వెంటనే చెప్పాలి. నోరు రాలేదు. ఇది నిజం, దాచను. ముట్టుకోవద్దన్న వస్తువు ముట్టుకున్నానని, నా పిల్ల వింటుందని, రేపు అల్లుడివాళ్ళు ఏమంటారని, ఇవన్నీ ఆ కాస్త సమయంలోనే నా బుర్రలో తిరిగాయి. బిడ్డ ఊపిరికి నా పరువు అడ్డం పడింది. "నొక్కు, రెండు, మూడు" అని మళ్ళీ వినపడింది. ప్రభువా అన్నాను. ఎన్ని నొక్కులు గడిచాయో. నాలుగో, అయిదో. ఇంటి దగ్గర కుళాయి కింద బిందె నిండేంతసేపు నేను ఊరుకున్నట్టే అనిపిస్తుంది ఇప్పటికీ.

"సిస్టరమ్మా, దాన్ని నేను కట్టేశాను. నేనే కట్టేశానమ్మా."

ఆవిడ తల తిప్పలేదు. "ఉండనీండి. నొక్కు, రెండు, మూడు."

ఉండనీండి! ఇంకేం లాభంలేదని ఆ మాటకి అర్థం చేసుకున్నాను. మా అత్తగారు గుడ్డ అడిగినప్పటి గొంతులాగే ఉంది. ఇక ఆగలేక సిలిండరు దగ్గరికి వెళ్ళి కీ పట్టుకున్నాను. ఎటు తిప్పాలో తెలియలేదు. నేను బిగించిన బిగువు నాకే వదల్లేదు.

"మామ్మగారూ! చెయ్యి తియ్యండి! వెళ్ళి తల దగ్గర నుంచోండి!"

వెనక్కి వచ్చాను. మా అమ్మాయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"ఏం కట్టేశావమ్మా?"

నేను దాని మొహం చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది.

"ఫ్యాను" అన్నాను. "ఫ్యానే. బిడ్డకి చలేత్తాదని."

డాక్టరమ్మ ఇటునుంచి "ఛాతీ లేస్తోందా?" అంది.

"లేస్తోంది మేడమ్."

"గుండె?"

సిస్టరు స్టెతస్కోపు పెట్టి వింది. ఆవిడ వేలు బల్ల మీద టకటకమని కొడుతోంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా. ముందు నెమ్మదిగా కొట్టింది. మళ్ళీ సంచీ నొక్కింది. మళ్ళీ విని వేలు ఆడించింది. ఈసారి వేలు తొందరపడింది. నేను ఆ వేలునే చూశాను. సీసా వైపు చూసే ధైర్యం లేదు, బిడ్డ వైపు అసలే లేదు.

"పుంజుకుంది మేడమ్. వంద దాటింది."

ఇంకా కొన్ని నొక్కులు. తర్వాత ఒక ఎక్కిలి లాంటిది. పిల్లి పిల్ల గొంతు లాంటిది ఇంకొకటి. ఆపైన ఏడుపు. సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. సిస్టరు పక్కకి జరిగింది. బిడ్డ రొమ్ము మీద ఎర్రదనం వచ్చింది, అది పొట్ట మీదికి, తొడల మీదికి పాకింది. చేతివేళ్ళూ కాలివేళ్ళూ మాత్రం ఇంకా నీలంగానే ఉన్నాయి.

"ఆడపిల్ల" అంది సిస్టరు. నా మూడో గుడ్డలో చుట్టింది.

సిలిండరు ఎవరూ తెరవలేదు. అప్పుడు సీసా వైపు చూశాను, నీళ్ళు ఇంకా కదలడంలేదు.

మధ్యాహ్నం సిస్టరు నన్ను వసారాలోకి పిలిచింది. వాన పడుతోంది. ఎంత తిట్టినా పడాలని నిశ్చయించుకుని వెళ్ళాను.

"మీ ఇంట్లో గ్యాస్ బండ అనుకున్నారా అది?"

"ఆయ్" అన్నాను. అదే కదా నిజం.

ఆవిడకి కోపం మధ్యలో నవ్వు వచ్చినట్టుంది, ఆపుకుంది. "ముట్టుకోవద్దని ఎందుకు చెప్పానండి?"

"ఊరికే పోతందమ్మా. ఎవరికీ పెట్టకుండా పోతంది. బిడ్డ టైముకి అయిపోద్దేమోనని..."

"తెరిచి వదిలేసెళ్ళడం నా తప్పే. కట్టెయ్యడం మాత్రం మీ పని కాదు."

"నా వల్ల దానికి ఊపిరి అందలేదు కదా తల్లీ. ఖాళీ సంచీ నొక్కారు కదా మీరు."

"ఖాళీ ఏంటి మామ్మగారూ? అందులో గాలి ఉంది. మీరూ నేనూ పీలుత్తున్నామే, అదే. ఆ గొట్టం అసలు సంచీకి తగిలించనేలేదు నేను." నిలబడే చెప్పుకుపోయింది. "ఇదివరకు మేము కూడా ఏడవని బిడ్డకి ముందు సిలిండరే తెరిచేవాళ్ళం. ఇప్పుడు నెలలు నిండిన బిడ్డకి ముందు మామూలు గాలే కొట్టమంటన్నారు. ఊపిరితిత్తులు ఒకసారి తెరుచుకోవాలి, అది ముఖ్యం. ఆక్సిజన్ మరీ ఎక్కువైనా మంచిది కాదట. గాలి సరిగ్గా కొట్టినా గుండె పుంజుకోకపోతే, అప్పుడు సిలిండరు."

అయితే నేను చేసినదానికి ఏమీ కాలేదు. అక్కడితో ఊరుకోవలసింది. నేను అడిగాను. "అప్పుడు కావాల్సొత్తే? కట్టేసుంటే?"

ఆవిడ చూరునుంచి కారుతున్న నీళ్ళ వైపు చూసింది. "అప్పుడు అది తెరవడానికి నాకు ఒక చెయ్యి కావాలి. ఒక్కదాన్నే ఉన్నాను. ఆ చెయ్యి బిడ్డ మీంచి తియ్యాలి."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"మీ అమ్మాయికి నేను చెప్పను" అంది లోపలికి వెళుతూ. "చెప్పడం మీ పని."

ఆ తర్వాత నెలలన్నీ నేను భయంతోనే గడిపాను. ఆలస్యంగా ఏడ్చిన పిల్లలకి బుర్ర మందగిస్తుందని పక్కింటావిడ అంది, నాకు తెలియక అడిగినందుకు. అప్పటినుంచి ఆ పిల్లని నేను ఎత్తుకుని ఆడించింది తక్కువ, పరీక్ష పెట్టింది ఎక్కువ. మూత కింద పడేసి ఉలిక్కిపడిందా లేదా చూసేదాన్ని. వేలు పెట్టి పట్టుకుంటుందా చూసేదాన్ని. పాలు తాగుతూ ఆగితే ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టేదాన్ని. నిద్రపోతుంటే పొట్ట మీద చెయ్యి ఆనకుండా ఆనించి, లేస్తోందో లేదో చూసి, సరే అనుకుని వెళ్ళి, వాకిలి దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసేదాన్ని. "అమ్మకి మనవరాలంటే ఎంత పిచ్చో" అని మా అమ్మాయి అందరికీ చెప్పేది. అది ప్రేమ కాదని నేనెలా చెప్పను? చుక్కలు వేయించడానికి వెళ్ళిన ప్రతిసారీ సిస్టరు దగ్గర ఆగి, బిడ్డని ముందుకు పెట్టి, ఏమీ అడగకుండా నుంచునేదాన్ని. ఆవిడ చూసి "మెడ నిలబెట్టిందే" అనో, "నవ్వుతోందే" అనో అనేది. ఆ మాట పట్టుకుని నెల గడిపేదాన్ని.

ఒకరోజు అల్లుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పిల్ల ఆయన ఒళ్ళో ఉంది. మామూలుగా అడిగినట్టు అడిగాను.

"బాబూ, మీ చెరువులో చక్రాలకి ఆక్సిజన్ ఏ బండలోంచి వత్తాదండి?"

ఆయన నవ్వాడు. "బండేంటండి అత్తయ్యా! చెరువుకి బండ ఎక్కడ సరిపోద్ది? ఆ చక్రం నీళ్ళని ఎగరేత్తాది, పైనున్న గాలి నీళ్ళలో కలుత్తాది. అంతేనండి. ఉన్న గాలే."

"ఉన్న గాలేనా?"

"ఉన్న గాలే. లోపలికి కొట్టేవాళ్ళుండాలి, అంతే."

ఆయన మళ్ళీ పిల్లతో ఆడుకుంటున్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే నుంచున్నాను.

మా అత్తగారింట్లో వంటింటి పక్క గదికి ఒక కిటికీ ఉండేది. గోదావరి వైపు కిటికీ. కాన్పు రోజు అది తెరిచే ఉంది, గాలికి దాని రెక్క కొట్టుకుంటుంటే ఎవరో కర్ర అడ్డం పెట్టారు. నాకు బాగా గుర్తుంది. నొప్పుల్లో నేను ఆ కర్రనే చూస్తూ ఉన్నాను. ఇన్నేళ్ళూ నా పిల్లాడికి అందనిది ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో, ఇనప బండలో ఉందనుకున్నాను. అది ఆ గదినిండా ఉంది. అందరం పీలుస్తున్నాం. మంత్రసాని పీలుస్తోంది, మా అత్తగారు పీలుస్తోంది, నేను పెద్దగా రొప్పుతూ పీలుస్తున్నాను. వాడి రొమ్ములోకి కొట్టేవాళ్ళే లేకపోయారు. పళ్ళెం మోగించాం. అలా అని ఎవరి తప్పూ కాదు, ఎవరికీ తెలియదు. కాని ఆ రోజు వంటింట్లో నుంచుంటే నాకు ఊపిరి పీల్చుకోవడానికే సిగ్గేసింది.

పిల్ల నడిచింది, మాట్లాడింది, బడికి వెళ్ళింది. లెక్కల్లో నాకంటే వాళ్ళమ్మకంటే గట్టిది. ఇప్పుడు నా రాత కూడా కూడబలుక్కుని చదివేస్తుంది. అయినా జ్వరం వస్తే చాలు, నా చెయ్యి దాని పొట్ట మీదికే వెళుతుంది.

మా అమ్మాయి ఆ రోజు కథ ఇప్పటికీ చుట్టాల్లో చెబుతుంది. "నా కాన్పులో బిడ్డ ఏడవలేదని అందరూ కంగారుపడుతుంటే, మా అమ్మేం చేసిందనుకున్నారు? ఫ్యాను కట్టేసింది!" అంటుంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. "ఆసుపత్రి కరెంటు కూడా ఆదా చేసిందా పెద్దమ్మా" అని ఒకరు, "చర్చిలో పాస్టరుగారినే ఉడకేసిన మనిషి" అని ఇంకొకరు. నేనూ పెదవి కదుపుతాను. వాళ్ళు నవ్వినప్పుడల్లా ఆ సీసాలో కదలని నీళ్ళు కనపడతాయి. మొన్న క్రిస్మస్ ముందు ఇంటినిండా చుట్టాలు వచ్చినప్పుడు మళ్ళీ చెప్పింది. ఈసారి మనవరాలు నా పక్కనే కూర్చుని ఉంది. అందరితోపాటు నవ్వి, నా చెయ్యి తీసుకుని, "మామ్మా, నిజంగా ఫ్యానేనా?" అంది. ఊరికే అడిగింది, ఆట పట్టించడానికి.

నేను దాని చేతికేసి చూశాను. దాని చెయ్యి వెచ్చగా ఉంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆ మర్నాడే దాని పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు తీసి ఇది రాయడం మొదలుపెట్టాను. నోటితో చెప్పాలంటే మళ్ళీ ఆ మంచం దగ్గర ఆగినట్టే ఆగిపోతాను, నాకు తెలుసు. రాసి దాని చేతికిస్తాను. అది పైకి చదువుతూ ఇక్కడిదాకా వచ్చేసరికి వాళ్ళమ్మ పక్కనే వింటూ ఉంటుంది. అమ్మాయీ, ఆ రోజు నువ్వు నా కుచ్చెళ్ళు పట్టుకుని అడిగావు. ఫ్యాను కాదు. ఆక్సిజన్ కట్టేశాను. చెప్పడానికి నాలుగైదు ఊపిర్లు ఆలస్యం చేశాను. ఆ నాలుగైదు ఊపిర్లూ మీ పిల్లవే.